పదకొండో చుట్టు

పోయిన వారం మనం సుచిత్రను దిల్‌సుఖ్‌నగర్ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మూడో అంతస్తులో, కిటికీ దగ్గర, రెండు జవాబు కాగితాలు పట్టుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. ఒకటి మధు రాసింది, ఇంకొకటి జ్యోతిక రాసింది. పరీక్షలో ఒకళ్లు ఈ మూల కూర్చుంటే ఇంకొకళ్లు ఆ మూల కూర్చున్నారు. అయినా ఇద్దరి ప్రోగ్రాముల్లో ఒకే తప్పు, అదీ ఒకేచోట, ఒకే తీరుగా. కొత్తగా ప్రోగ్రాములు రాసే పిల్లలు ఏ తప్పులు చేస్తారు, ఎందుకు చేస్తారు అని అక్కడే పాఠాలు చెబుతూ ఆరేళ్లుగా పరిశోధన చేస్తున్న మనిషి సుచిత్ర. ఇలాంటి వింత తప్పు ఇద్దరికి విడివిడిగా రాదు, చూసి రాస్తేనే వస్తుంది అని తన థీసిస్ మూడో అధ్యాయంలో రాసుకుంది. ఇన్‌స్టిట్యూట్ నడిపే రామారావు గారు ఆ మాటనే రూలుగా పెట్టారు. రూలు ప్రకారం ఇద్దరినీ పంపించెయ్యాలి. శనివారం నాలుగు గంటలకు ఉద్యోగాలిచ్చే కంపెనీకి ఆయన ఫోన్‌లో పేర్లు చదువుతారు, అందులో ఈ రెండు పేర్లూ ఉండవు. జ్యోతిక ఏడ్చింది. మధు మాత్రం "చూడలేదు మేడం" అని ఒక్క మాట అని మెట్లు దిగిపోయాడు.

ఆ శనివారం రానే వచ్చింది.

ఇంతకీ ఆ తప్పేమిటో చెప్పుకుందాం, కంప్యూటర్ ముఖం చూడనివాళ్లు కూడా బెదరక్కర్లేదు. పదిమంది మార్కులు కూడి సగటు తియ్యాలి. పది గళ్లున్నాయి, గడికో మార్కు. ఒక్కో గడి దగ్గరికీ వెళ్లి అందులోది తెచ్చి కలపమని కంప్యూటర్‌కు చెప్పాలి. కొత్తవాళ్లు తరచుగా ఒక చుట్టు ఎక్కువ తిప్పుతారు. పదకొండో గడి అంటూ మనది ఏదీ లేదు, అక్కడ అంతకు ముందు ఎవరో వాడి వదిలేసిన అంకె ఏదో పడి ఉంటుంది. అది సున్నా అయితే బతికిపోతాం, కాకపోతే పిచ్చి జవాబు వస్తుంది. లోకంలో అందరూ చేసే తప్పే ఇది, సుచిత్ర నోటు పుస్తకాల్లో మూడొందల పైచిలుకు సార్లు ఉంది. కానీ మధు, జ్యోతిక అంతటితో ఊరుకోలేదు. చుట్లన్నీ అయ్యాక లెక్కలోంచి ఒకటి తీసెయ్యమని కింద మరో వరస రాశారు. తిప్పడం పదకొండు, చెప్పడం పది. ఎక్కువైందని తెలిసినవాళ్లు అసలు తిప్పడమెందుకు, మళ్లీ తీసెయ్యడమెందుకు? వారం రోజులుగా సుచిత్రకు అన్నం సయించలేదంటే దీనివల్లే.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు, మధ్యాహ్నం పూట కరెంటూ లేదు. ఎల్బీనగర్‌లో, వాళ్ల రెండు గదుల ఇంట్లో, ఫ్యాను ఆగిపోయి, పక్కింటి టీవీ ఆగిపోయి, ఎప్పుడూ గీపెట్టే హైవే కూడా నోరు మూసుకుని, ఆ శనివారం మధ్యాహ్నం మహా నిశ్శబ్దంగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక సుచిత్ర ఇంత నిశ్శబ్దం ఎరగదు. కిటికీలోంచి వచ్చిన ఎండ గచ్చు మీద పలకలాగా పడి, ఎవరూ చూడకుండా మెల్లగా జరుగుతోంది. కాగితాలు ఒళ్లో పెట్టుకుని ఆమె గోడకు జారగిలబడింది. కళ్లు మూతలు పడుతున్నాయో, తెరిచే ఉన్నాయో ఆమెకే తెలియడం లేదు.

చాప మీద నాయనమ్మ లింగమ్మ పడుకుని ఉంది. ఆమె కుడి చెయ్యి గాల్లోకి లేచి, పైకి పోయి, కిందికి వచ్చి, మళ్లీ పైకి పోతోంది. ఇందులో వింతేమీ లేదు. పోచంపల్లి దగ్గరి నేత వాడలో నలభై ఏళ్లు ఆసు పోసిన చెయ్యి అది. ఆసు అంటే అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చట్రం. చీర మీద నమూనా తేలాలంటే పోగుకు రంగు పట్టక ముందే దాన్ని ఆ మేకుల చుట్టూ తిప్పి లెక్కగా పరవాలి. ఆ పని ఇంటి ఆడవాళ్లది. రోజుకు కొన్ని వేలసార్లు చెయ్యి పైకీ కిందికీ ఆడాలి. మగ్గం అమ్మి, కొడుకు దశరథ పట్నం వచ్చి చీరల దుకాణంలో చేరాక కూడా లింగమ్మ చెయ్యి ఆసును వదల్లేదు. కునుకు పడితే చాలు, పని మొదలు పెట్టేస్తుంది. చిన్నప్పుడు సుచిత్ర, తమ్ముడు ఆ చేతిని చూసి పడీపడీ నవ్వేవాళ్లు. చెయ్యిని చూశారు గాని, ఆ పెదవులు ఏం గొణుగుతున్నాయో ఏనాడూ వినలేదు. ఫ్యాను గోలలో వినపడేది కాదు మరి.

ఇవాళ వినపడింది.

"ఏడు... ఎనిమిది... తొమ్మిది... పది."

పది దగ్గర నోరు ఆగింది. చెయ్యి ఆగలేదు. ఇంకొక్కసారి పైకి పోయి, కిందికి వచ్చింది. అప్పుడు లింగమ్మ తృప్తిగా, "పది" అని మళ్లీ అంది. కాస్సేపటికి "ఒకటి" అని తిరిగి మొదలు పెట్టింది.

సుచిత్ర ఒళ్లోంచి కాగితాలు జారిపోయాయి. చాప దగ్గరికి జరిగి రెండోసారి విన్నది, మూడోసారి విన్నది. ప్రతిసారీ నోటికి పది, చేతికి పదకొండు.

"నాయనమ్మా" అని భుజం మీద చెయ్యి వేసింది. "పది అన్నంక చెయ్యి మళ్ల ఎందుకు పోయింది?"

లింగమ్మ కళ్లు తెరవకుండానే, "ఏది?" అంది.

"పది లెక్కవెట్టి ఇంకొక చుట్టు వేసినవ్."

"అదా. పోగు జారకుండ ఆఖర్ల ఇంకొక్క చుట్టు ఎయ్యాలె బిడ్డా. దాన్ని లెక్కల వట్టద్దు."

"ఎవరు నేర్పిన్రు నీకు?"

"ఎవలు నేర్పుతరు? మా అత్త ఏస్తుండె, నేనేసిన. మా వాడల అందరం గట్లనే." లింగమ్మ పక్కకు ఒత్తిగిలింది. "ఏసేది పదకొండు. చెప్పేది పది. నిద్ర పాడుచేస్తివి గద, పో."

చూశారా, ఆరేళ్లు లైబ్రరీల వెంట తిరిగిన మనిషి, దేశాల మీది పుస్తకాలు తెప్పించుకుని చదివిన మనిషి, తన ఇంట్లో చాప మీద ఉన్నదాన్ని ఒక్కనాడు అడగలేదు. సుచిత్రకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. మధుది, జ్యోతికది కూడా పోచంపల్లి వైపే. మూడో అధ్యాయం బాగుందని గైడు సాంబమూర్తి గారు నలుగురిలో మెచ్చుకున్నారు. థీసిస్ ఇచ్చేందుకు నెల గడువుంది. ఇప్పుడు ఈ మాట బయట పెడితే ఆ అధ్యాయం అంతా చెత్తబుట్టలోకే. పెట్టకపోతే మధు, జ్యోతిక ఇద్దరూ వెళ్లిపోతారు. గడియారం చూసింది. రెండున్నర అయింది. చెప్పుల్లో కాళ్లు దూర్చి బయట పడింది.

ఎల్బీనగర్ చౌరస్తాలో నిరసనగా రోడ్డు మధ్యనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. లారీలు పరుగెత్తే చోట చాపలు పరిచి జనం కూర్చున్నారు. డప్పు ఎక్కడో మెల్లగా మోగుతోంది. విస్తర్లు వేస్తున్న దశరథ కూతుర్ని చూసి, "ఏడికి బిడ్డా ఎండల? జర తిని పో" అన్నాడు.

"వచ్చి తింటా నాయనా" అని ఆమె నడుస్తూనే ఉంది.

ఆ నడక ఆమెకు తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా పూర్తిగా గుర్తు రాలేదు. అంత వెడల్పు రోడ్డు మీద ఒక్క బండి లేదు. కొత్తపేటలో పండ్ల మార్కెట్ గేటు మూసి ఉంది, లోపల మగ్గిపోతున్న బత్తాయిల వాసన మాత్రం గోడ దాటి వచ్చి కొంత దూరం ఆమెతో నడిచింది. చైతన్యపురి దగ్గర రోడ్డుకు అడ్డంగా ముగ్గు వేసి ఉంది, ఎవరు వేశారో మనిషి జాడ లేదు. ఆమె దాన్ని తొక్కకుండా పక్కనుంచి పోయింది. నిద్రలో నడుస్తున్నట్టే ఉంది ఆమెకు. ఆ నిద్రలో కొన్ని వందల చేతులు పైకీ కిందికీ ఆడుతున్నాయి, అన్ని నోళ్లూ పది అంటున్నాయి. ఈ పట్నంలోని హాస్టళ్లలో, ఇరుకు గదుల్లో కూర్చుని కీబోర్డు నొక్కే పిల్లల వేళ్లలోకి ఆ చేతులు ఎప్పుడు వచ్చి చేరాయో ఎవరికీ తెలియదు.

ఇన్‌స్టిట్యూట్ షట్టరు సగం దించి ఉంది. మెట్ల మీద మధు ఒక్కడే కూర్చున్నాడు. లోపల హాల్లో జ్యోతిక ఉంది. తీర్పు వినడానికి వచ్చారు పాపం.

"మధూ, మీ అమ్మ ఆసు పోస్తదా?"

మధు లేచి నిలబడ్డాడు. "పోస్తుండె మేడం. ఇప్పుడు చెయ్యి లేస్తలేదు. చిన్నప్పుడు నేను గూడ కూసుంటుంటి, అమ్మ అలిసిపోతే."

"నీ ప్రోగ్రాంల ఆఖరికి ఒకటి తీసేసినవ్. ఎందుకు?"

"తెల్వదు మేడం. గట్లనే వస్తది. తియ్యకుంటె లెక్క తప్పనిపిస్తది."

 వాణ్ని వెంటబెట్టుకుని రామారావు గారి గదిలోకి వెళ్లింది.

రామారావు గారిది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ఇరవై ఏళ్లయింది. చెడ్డవాడు కాదు, కానీ ఈ నెలరోజుల్లో ఆయన జుట్టు సగం నెరిసింది. బల్ల మీద ముందర ఫోను, పక్కన పేర్ల కాగితం పెట్టుకుని కూర్చున్నారు. గడియారం మూడూ నలభై చూపిస్తోంది.

"రండమ్మా. ఇద్దరి లెటర్లూ రెడీగా ఉన్నాయి, మీ సంతకమే కావాలి."

"పెట్టను సార్. వీళ్లు కాపీ కొట్టలేదు."

ఆయన కళ్లజోడు తీశారు. "చూడమ్మా, రూలు నాది కాదు, మీది. మీరు రాసిందే నేను గోడకు అంటించాను. ఇవాళ వీళ్లని పంపిస్తే ఆంధ్రావాడు పంపించేశాడంటారు. ఉంచితే భయపడి ఉంచాడంటారు. ఎటు చూసినా నాకు తిట్లే. అందుకే రూలు పట్టుకుని కూర్చున్నాను. రూలుకి ఊరూ పేరూ ఉండదు కదండీ."

"రూలే తప్పు సార్. నేను తప్పు రాసిన. జర ఐదు నిమిషాలు ఇవ్వండి."

మూల పడేసి ఉన్న నీలం రంగు నెట్‌వర్క్ వైరు చుట్ట తెచ్చింది. రెండు కుర్చీలు మూడడుగుల ఎడంలో ఎదురెదురుగా పెట్టింది. "ముందు మీరు రండి సార్. ఈ రెండు కుర్చీల చుట్టూ వైరు పది చుట్లు చుట్టండి."

"ఇదేం ఆటమ్మా?" అంటూనే లేచారాయన. చుట్టారు. పది దగ్గర వైరు వదిలేశారు. సుచిత్ర లెక్క పెట్టింది. పది.

"పదంటే పదే కదండీ" అన్నారు ఆయన, తన తెలివికి తనే కొంచెం మురిసిపోతూ.

వైరు విప్పి మధు చేతికిచ్చింది. మధు మొదట సిగ్గుపడ్డాడు. రెండు చుట్లయ్యేసరికి ఆ సిగ్గు పోయింది. భుజం తనంతట తానే ఊగడం మొదలు పెట్టింది, కళ్లు ఎక్కడో చూస్తున్నాయి. చిన్నగా గొణుక్కుంటూ చుట్టి, "పది మేడం" అన్నాడు. రామారావు గారు వంగి వేలితో ఒక్కో వరసా తాకుతూ లెక్కపెట్టారు. మొత్తం పదకొండు వచ్చాయి. నమ్మలేక మళ్లీ లెక్కపెట్టారు. మళ్లీ పదకొండే.

"ఎక్కువ చుట్టావేంటయ్యా?"

"లేదు సార్, పదే" అన్నాడు మధు. వాడి ముఖంలో దొంగతనం లేదు, ఆ మాట సుచిత్ర ప్రమాణం చేసి చెప్పగలదు.

మధును కిటికీ వైపు తిరిగి నిలబడమంది. వైరు పూర్తిగా విప్పేసి హాల్లోంచి జ్యోతికను పిలిచింది. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బించుకుని ఉంది. ఎందుకని అడగలేదు, చెప్పినట్టు చుట్టింది. ఆ భుజం కూడా అదే ఊపు ఊగింది. చివర్న ఒక చుట్టు, మాట లేకుండా, మర్యాదగా వేసి చెయ్యి తీసేసింది.

"ఎన్ని?" అని అడిగారు రామారావు గారు.

"పది సార్."

ఈసారి ఆయన లెక్కపెట్టలేదు. కళ్లతోనే చూసుకున్నారు.  సుచిత్ర మెల్లగా నాయనమ్మ సంగతి చెప్పింది, ఆ ఆఖరి చుట్టు ఎందుకో చెప్పింది. వాళ్ల వాడల్లో ఆ చుట్టు వెయ్యనివాళ్లే పని రానివాళ్లని చెప్పింది. జ్యోతిక నోరు తెరుచుకుని వింటోంది. తన చేతిని అటూ ఇటూ తిప్పి, కొత్తగా చూసుకుంది.

"మరి మీ థీసిస్సో?" అన్నారు రామారావు గారు.

"మూడో అధ్యాయం తీసేస్తా సార్. మళ్లీ రాస్తా." చెప్పేశాక గాని ఆమెకు తెలియలేదు, ఆ మాట అనడానికి ఇంత భయపడ్డానని.  ఇప్పుడు మనసు తేలిగ్గా ఉంది. ఆరేళ్లలో మొదటిసారి ఒక తప్పు వెనకాల ఉన్న మనిషిని చూసినంత సంతోషంగా ఉంది.

నాలుగు గంటలకు ఆయన ఫోను తీశారు. ఒక్కో పేరూ విడమరిచి చదివారు. తొమ్మిదో పేరు జ్యోతికది, పదో పేరు మధుది. ఫోను పెట్టేసి లెటర్లు రెండూ చించి బుట్టలో వేశారు. మధు చేతులు జోడించబోయి, ఎటు తిరిగి జోడించాలో తెలియక ఇద్దరి మధ్యన నిలబడిపోయాడు. సుచిత్ర వాడి వీపు మీద ఒక్కటి చరిచి, "పో, ఎల్బీనగర్ చౌరస్తాల అన్నం వెడుతున్నరు, ఇద్దరూ తిని ఇంటికి పొండి" అంది.

ఆ పిల్లలు మెట్లు దిగిన చప్పుడు ఆగిపోయాక రామారావు గారు బీరువా తెరిచారు. పాత దరఖాస్తుల కట్టలోంచి ఒక కాగితం తీసి ఆమె ముందర పెట్టారు.

"ఈ సైదులు సంగతేంటమ్మా మరి?"

ఆమెకు వెంటనే గుర్తు రాలేదు. నిజంగానే రాలేదు. థీసిస్‌లో పేర్లు రాయరు, అంకెలే రాస్తారు. ఈ పేరు ఆమె లోకంలో పదిహేడో నమూనా. పోయిన ఏడాది అతని కాగితం అంతకు ముందు బ్యాచ్‌లో ఒకమ్మాయి రాసిన దానితో కలిసింది. అదే పదకొండు, అదే తీసివేత. ఆ పాత జవాబు కాగితం సంపాదించి బట్టీపట్టాడని సుచిత్రే తేల్చింది. మూడో అధ్యాయం పుట్టిందే అక్కడ. అప్పుడు మధులాగా కూడా వాదించలేదు అతను. "సరే మేడం" అని సంచీ భుజాన వేసుకుని పోయాడు. ఊరు అనే చోట పోచంపల్లి మండలం అని రాసి ఉంది. వృత్తి అనే చోట నేత అని ఉంది. ఇప్పుడుండేది తుర్కయంజాల్.

పక్కన, పంపించెయ్యమని రాసిన చోట, సంతకం ఆమెదే. చక్కని దస్తూరి.

సుచిత్ర కుర్చీలో కూలబడింది.  ఏడాది. ఏడాదిలో ఒక పిల్లవాడికి ఏమైనా కావచ్చు. ఈ రోజుల్లో ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు ఎన్ని వింటున్నాం. దరఖాస్తు అడుగున ఫోను నంబరు ఉంది. రెండుసార్లు తప్పు నొక్కి మూడోసారి సరిగ్గా నొక్కింది. ఏం చెప్పాలో మాటలు కూడబలుక్కుంది. తప్పు నాది అని చెప్పాలి. రమ్మనాలి. క్షమించమనాలి.

అవతల ఎవరో ఆడమనిషి ఎత్తింది. "హలో. ఎవలు?"

"సైదులు ఉన్నాడా అమ్మా? నేను సుచిత్రను. దిల్‌సుఖ్‌నగర్ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నుంచి."

"అయ్యో, సుచిత్ర మేడమా? నేను పెంటమ్మను, సైదులు తల్లిని." ఆ గొంతు ఒక్కసారిగా వెలిగింది. "ఎన్నొద్దుల సంది మీతోని మాట్లాడాలని ఉంటిని మేడం. మా పిలగానికి కొలువిచ్చి మా ఇంట్ల దీపం పెట్టిన్రు. మీ పేరు తలువని పొద్దు లేదు."

సుచిత్ర రామారావు గారి వైపు చూసింది. ఆయనకు అవతలి మాటలు వినపడడం లేదు.

"కొలువా?" అంది.

"మీ కాడనే గద మేడం, ఏడాదాయె. పిల్లలు రాసిన తప్పులు ఏరి బుక్కుల ఎక్కిస్తడంట గద. ఏ పిలగాడు ఏ తప్పు చేసిండో పొద్దూకినంక ఇంటికొచ్చి నాకు ఒక్కొక్కటి చెప్తడు. నాకేం సమజైతది, గని వింట. బస్సులు బందైనా ఒక్కపూట మానలేదు. ఇయ్యాల గూడ చీకటుండంగనే లేసి, సద్ది గట్టుకొని, మీ కాడికే నడిసి ఒచ్చిండు."

పోయిన ఏడాది సంచీ భుజాన వేసుకుని పోయినవాడు మళ్లీ ఈ మెట్లు ఎక్కలేదు. గది కిటికీలోంచి చూస్తే దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఖాళీగా ఉంది.

"ఫోను ఇంట్లనే మర్సిపోయిండు" అంటోంది పెంటమ్మ. "పక్కనే ఉన్నడా మేడం? ఒక్క మాట చెప్పాలె. జర వానికియ్యున్రి."